టీమ్ ఓడితే కోచ్ పోతాడు, సీఈఓ మాత్రం ఎందుకు కదలడు?

ఆఫ్‌సైడ్ అప్పారావు
ఒక్క విషయం ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఫుట్‌బాల్ క్లబ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే కోచ్ మెడ మీద కత్తి. ఈమధ్య ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్‌ని కూడా వదలట్లేదు. కానీ సీఈఓ అని ఒకాయన ఉంటాడు. డైరెక్టర్ల బాక్స్‌లో సూటేసుకుని కూర్చుంటాడు, కొత్త స్పాన్సర్ వస్తే ఫొటోలో నవ్వుతాడు, టికెట్ రేట్లు పెంచినప్పుడు వెబ్‌సైట్‌లో ఒక ఉత్తరం రాస్తాడు. ఆటగాళ్లని ఎంచుకునేది ఆయన కాదు, ఆడించేది ఆయన కాదు, డబ్బు పెట్టేది అసలే కాదు. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ చూడండి. జులైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబరులో తీసేశారు. అదే జులైలో చేరిన స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్‌ని డిసెంబరులో పంపించేశారు. ఈ రెండింటికీ కలిపి 14.5 మిలియన్ పౌండ్లు వదిలాయి. పై అంతస్తులో మాత్రం ఒక్క కుర్చీ కదల్లేదు. అసలు ఈ ఉద్యోగం ఏంటి?

పసుపు కార్డు
మెడల్ తీసుకోవడం కూడా డ్యూటీలో భాగమే. 2008లో మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ పెనాల్టీల్లో ఓడిపోయాక, రన్నరప్ మెడల్ కోసం టీమ్ కంటే ముందు మెట్లెక్కింది సీఈఓ పీటర్ కెన్యనే. పెనాల్టీ కొడుతూ వానలో జారిపడ్డ కెప్టెన్ టెర్రీ ఏడుస్తున్నాడు, ఈయన మెళ్లో మెడల్.

మిడ్‌ఫీల్డ్ మావయ్య
అప్పారావ్, టెన్ హాగ్ పొడిగింపుని యునైటెడ్ సీఈఓ బెర్రాడా నెత్తిన రుద్దకు. అది జులై మొదటి వారంలోనే అయిపోయింది. ఆయన మాంచెస్టర్ సిటీ నుంచి వచ్చి అధికారికంగా సీఈఓ కుర్చీలో కూర్చుంది ఆ తర్వాత. తీసేసింది మాత్రం ఆయన హయాంలోనే, అది నీ ఖాతాలో వేసుకో.

ఆఫ్‌సైడ్ అప్పారావు
నా గొడవే అది మావయ్యా. ఎప్పుడు అడిగినా "అది ఆయన రాకముందు" అంటారు, లేదంటే "అది ఓనర్ నిర్ణయం" అంటారు. మరి ఆయనది అని చెప్పుకోడానికి ఏది మిగిలింది?

బ్యాలెన్స్ షీట్ బాలు
చెప్తా, కాస్త పెద్దదవుతుంది. నేను ఆడిటింగ్‌లో ఉన్నా, క్లబ్బుల వార్షిక లెక్కలు చదవడం నాకో పిచ్చి.

ఓనర్ డబ్బు పెడతాడు, ఎంతదాకా పోయినా పర్లేదో చెప్తాడు. బోర్డు దానికి తలూపుతుంది. అక్కడి నుంచి కిందకి మొత్తం సీఈఓదే. స్పోర్టింగ్ డైరెక్టర్, ఫైనాన్స్, కమర్షియల్, టికెటింగ్, స్టేడియం భద్రత, అకాడమీ, మహిళల టీమ్, లీగల్, అందరూ చివరికి జవాబు చెప్పేది ఆయనకే. ఉదాహరణకి స్పోర్టింగ్ డైరెక్టర్ వచ్చి "ఈ వింగర్ కావాలి, 80 మిలియన్లు" అన్నాడనుకో. వాడి ఎడమకాలు ఎలా ఉందని సీఈఓ అడగడు, అడగకూడదు కూడా. ఆయన అడిగేది వేరు. ఎన్ని వాయిదాలు? మొదటి వాయిదా ఏ నెలలో? సీజన్ టికెట్ల డబ్బు చాలావరకు వేసవిలోనే వచ్చేస్తుంది, టీవీ డబ్బు విడతలుగా వస్తుంది, మధ్యలో ఏ నెలలో ఖాతా అడుగంటుతుంది? వాడి జీతం చూసి మాకూ పెంచమని ఎంతమంది పాత ఆటగాళ్ల ఏజెంట్లు ఫోన్ చేస్తారు?

తర్వాత పుస్తకాల లెక్క. కొన్న ధరని కాంట్రాక్ట్ ఏళ్లకి సమంగా పంచి రాస్తారు. 80 మిలియన్లకి కొని ఐదేళ్ల కాంట్రాక్ట్ రాస్తే ఏడాదికి 16 మిలియన్ల ఖర్చు పడుతుంది, జీతం విడిగా. ఎనిమిదేళ్లకి రాస్తే ఏడాదికి 10. చెల్సీ 2023 జనవరి బదిలీ విండోలో (ఆటగాళ్లని కొని అమ్ముకునే గడువు) ముద్రిక్‌కీ ఎంజో ఫెర్నాండెజ్‌కీ ఎనిమిదిన్నరేళ్లు రాయడం వెనక ఈ లెక్క ఉంది. ఇది చూసి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ఆ వేసవి నుంచి తన నిబంధనల్లో ఐదేళ్లకి మించి పంచడానికి వీల్లేదంది. ఇంకో చిక్కు ఉంది. అకాడమీలో పెరిగిన కుర్రాడిని కొన్న ఖర్చు ఉండదు కాబట్టి, అమ్మితే వచ్చిందంతా లాభం కిందే రాసుకోవచ్చు. ఊళ్లో పుట్టి జెండా పట్టుకుని పెరిగిన పిల్లాడిని క్లబ్ లెక్కల ఏడాది ముగిసే జూన్ నెలాఖరులో హడావిడిగా అమ్మేస్తోందంటే, ఎక్కడో ఒక ఎక్సెల్ షీట్ ఎర్రగా ఉందన్నమాట.

ఈ లెక్క తప్పితే ఎవర్టన్ అవుతుంది. అప్పటి ప్రీమియర్ లీగ్ నిబంధనల్లో మూడేళ్లకి కలిపి గరిష్ఠంగా 105 మిలియన్ పౌండ్ల నష్టం దాకా ఒప్పుకునేవాళ్లు. వాళ్లది 124.5 అని తేలింది. 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు. అప్పీలులో 6కి తగ్గింది. ఆ తర్వాతి లెక్కలకి 2024 ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. ఆ పాయింట్లు పోగొట్టింది సెంటర్ బ్యాక్ కాదు అప్పారావ్.

బెంచ్ మీద బాబు
105 మిలియన్లు నష్టపోయినా శిక్ష లేదా? నేను తప్పు రంగంలో ఉన్నాను.

వింగర్ విమల
బాలు గారు చెప్పింది కంపెనీ చార్టులో గీసిన బొమ్మ. చాలా క్లబ్బుల్లో జరిగేది అది కాదు. ఓనర్ రాత్రి పూట ఏజెంట్‌తో మాట్లాడేసుకుంటాడు, పొద్దున్నే సీఈఓకి "అయిపోయింది, కాగితాలు రెడీ చెయ్" అంటాడు. అప్పుడు ఆ సీఈఓ పెద్ద జీతం తీసుకునే గుమాస్తా. ఓనర్ అబ్రమోవిచ్ కాలంలో చెల్సీ బదిలీలు నడిపింది మరీనా గ్రానొవ్‌స్కాయా, ఆమె హోదా డైరెక్టర్ మాత్రమే. ఇంకో వైపు టాటెన్‌హామ్‌లో డేనియల్ లెవీ 2001 నుంచి 2025 సెప్టెంబరు దాకా ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్. బేరాలు, స్టేడియం, కోచ్‌లు, అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. కాబట్టి తలుపు మీద ఏ బోర్డు ఉందో చూసి మనం ఎవర్ని తిట్టాలో తేల్చుకోలేం.

మిడ్‌ఫీల్డ్ మావయ్య
విమలతో సగం ఏకీభవిస్తా. ఓనర్ నోరు మూయించగలిగినవాడే మంచి సీఈఓ, నా లెక్క అంతే. "సార్, ఈ డబ్బు మన దగ్గర లేదు" అని బోర్డు రూమ్‌లో చెప్పి, ఉద్యోగం నిలబెట్టుకుని బయటికి రావాలి. పైన ఓనర్, కింద అభిమానులు, పక్కన కోచ్. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

పసుపు కార్డు
ఆ పోకచెక్కకి ఏడాదికి మిలియన్ పైన ఇస్తే నేనూ నలుగుతా మావయ్యా.

టికెట్ కౌంటర్ 7
నేను చదువుకునే రోజుల్లో ఒక కింది డివిజన్ క్లబ్ ఆఫీసులో పార్ట్‌టైమ్ చేశా. పేరు చెప్పను, ఇప్పటికీ అభిమానం. మా సీఈఓకి సూటు ఉండేదో లేదో నాకు తెలియదు, ఎప్పుడూ వాన కోటులోనే కనిపించేవాడు. మీరంతా 80 మిలియన్ల వింగర్ల గురించి మాట్లాడుతున్నారు, ఆయన టెన్షన్ వేరే.

శీతాకాలంలో ఒక శనివారం. రాత్రంతా వాన. మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్. మైదానం ఆడటానికి పనికొస్తుందా లేదా అన్నది చివరికి తేల్చేది రిఫరీ. కానీ ఆ రిఫరీని ఎన్నింటికి పిలవాలన్నది మా చేతిలో ఉంది. అవతలి టీమ్ అభిమానుల బస్సులు ఏడున్నరకి బయల్దేరతాయి. పదింటికి తనిఖీ పెడితే బస్సులు సగం దారిలో ఉంటాయి. అందుకని దగ్గర్లో ఉన్న ఒక రిఫరీని పట్టుకుని ఏడింటికే తనిఖీ. సీఈఓ, గ్రౌండ్స్‌మన్, ఆ రిఫరీ ముగ్గురూ దక్షిణం వైపు గోల్ ముందు నిలబడి బంతిని పైనుంచి వదిలి చూస్తున్నారు. బంతి లేవట్లేదు, చప్ మని అక్కడే కూర్చుంటోంది. వాయిదా. ఇక ఫోన్లు మొదలు. అవతలి క్లబ్, పోలీసులు, స్టీవార్డుల ఏజెన్సీ, లోకల్ రేడియో. స్టీవార్డులకి రద్దు చేసినా కొంత కట్టాలి, గేటు డబ్బు రాదు, ఆ నెల జీతాలు ఆ గేటు డబ్బు మీదే ఆధారం. ఆయన నా టేబుల్ పక్కనే నిలబడి బ్యాంకు మేనేజర్‌తో ఓవర్‌డ్రాఫ్ట్ గురించి మాట్లాడటం నేను విన్నా. జీతాలు ఒక రోజు కూడా ఆలస్యం కాలేదు. ఆ సంగతి డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరికీ తెలియదు కూడా.

బెంచ్ మీద బాబు
ఈ పోస్టుకి వంద లైకులు పెట్టే వీలుంటే బావుండు.

కొత్తగా చేరా
మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. సీఈఓ, స్పోర్టింగ్ డైరెక్టర్, క్లబ్ ప్రెసిడెంట్ ముగ్గురూ వేరువేరా? బార్సిలోనా వార్తల్లో ఎప్పుడూ ప్రెసిడెంట్ పేరే వినిపిస్తుంది, సీఈఓ పేరు ఎవరూ అనరు.

రాత్రి మ్యాచ్ రాజు
వేరువేరే. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ లాంటి చోట్ల క్లబ్ సభ్యులదే, సభ్యులు ఓట్లేసి ప్రెసిడెంట్‌ని ఎన్నుకుంటారు. ఎన్నికలో "ఫలానా ఆటగాడిని తెస్తా" అని మాట ఇచ్చేది ప్రెసిడెంట్, ఆ మాటకి డబ్బు ఎక్కడుందో వెతికేది సీఈఓ. ఫెర్రాన్ సోరియానో 2003 నుంచి 2008 దాకా బార్సిలోనాలో వైస్ ప్రెసిడెంట్, 2012లో మాంచెస్టర్ సిటీ సీఈఓ. అక్కడ పరిచయం ఉన్న చికి బెగిరిస్తైన్‌ని స్పోర్టింగ్ వైపు తెచ్చుకున్నాడు, ఆ ఇద్దరూ కుర్చీ సిద్ధం చేశాకే 2016లో గార్డియోలా వచ్చాడు. కోచ్ ఎవరన్నది నాలుగేళ్ల ముందు నుంచే ఆలోచించిన సీఈఓ అంటే నాకు ఆయనే.

జర్మనీ ఇంకో లోకం. 50+1 నిబంధన వల్ల ఎక్కువ క్లబ్బుల్లో ఓటింగ్ బలం సభ్యుల దగ్గరే ఉంటుంది. సీఈఓ పైన సూపర్వైజరీ బోర్డు కూర్చుంటుంది. అప్పారావ్ "సీఈఓలు కదలరు" అన్నాడు కదా, 2023 మే 27 చూడు. బుండెస్‌లీగా ఆఖరి రోజు. డార్ట్‌మండ్ సొంత మైదానంలో మైన్జ్‌తో 2-2 దగ్గర ఆగిపోయింది, కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్‌తో బేయర్న్ వరసగా 11వ టైటిల్ కొట్టింది. అదే రోజు బేయర్న్ సీఈఓ, మాజీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ ఉద్యోగం పోయిన సంగతి బయటికొచ్చింది. టైటిల్ గెలిచిన రోజు! స్పోర్టింగ్ వైపు చూసే సాలిహామిజిచ్ కూడా పోయాడు.

ఆఫ్‌సైడ్ అప్పారావు
ఇది మాత్రం నాకు నచ్చింది.

పసుపు కార్డు
గోల్‌కీపర్‌ని పెనాల్టీ తర్వాత మార్చినట్టు.

మిడ్‌ఫీల్డ్ మావయ్య
మాజీ ఆటగాళ్లని ఆ కుర్చీలో పెట్టొద్దని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. గోల్ ముందు నిలబడినంత మాత్రాన స్పాన్సర్‌షిప్ ఒప్పందం చదవడం వస్తుందా?

రాత్రి మ్యాచ్ రాజు
రుమెనిగె ఎవరు మావయ్యా? ఆయనా ఆటగాడే, 2002 నుంచి 2021 దాకా బేయర్న్ నడిపాడు. వాన్ డెర్ సార్ కూడా నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌లో 2012లో మార్కెటింగ్ డైరెక్టర్‌గా మొదలుపెట్టి, పని నేర్చుకుని సీఈఓ అయ్యాడు. 2019లో ఆ టీమ్ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. తేడా అనుభవంలో ఉంది, బూట్లలో కాదు. కావాలంటే అదే అయాక్స్‌లో తర్వాత వచ్చిన అలెక్స్ క్రూస్‌ని తీసుకో. తన నియామకం ప్రకటించడానికి వారం ముందు క్లబ్ షేర్లు కొన్నాడు. అయాక్స్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్న క్లబ్, లోపలి సంగతి తెలిసి షేర్లు కొనకూడదు. 2024 ఏప్రిల్‌లో బోర్డు ఆయన్ని సస్పెండ్ చేసింది, చేరి నెల తిరక్కుండానే.

బ్యాలెన్స్ షీట్ బాలు
ఆ వార్త చదివినప్పుడు కాఫీ గొంతుకి అడ్డం పడింది. సీఈఓ ఉద్యోగంలో మొదటి పాఠమే అది.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి డార్ట్‌మండ్ సీఈఓగా చేసిన వాట్స్‌కే గురించి చెప్పాలి. 2005లో డార్ట్‌మండ్ దివాలా అంచున ఉంది. స్టేడియం కూడా వాళ్లది కాదు, అప్పటికే ఒక ఫండ్‌కి అమ్మేశారు. ఆ ఫండ్‌లో డబ్బు పెట్టినవాళ్లు మార్చిలో డ్యూసెల్‌డార్ఫ్ ఎయిర్‌పోర్టు దగ్గర సమావేశమై, అద్దె బాకీలు వాయిదా వేయడానికి ఒప్పుకుంటేనే క్లబ్ బతుకుతుంది. ఓటింగ్‌లో ఒప్పుకున్నారు. క్లబ్ కోశాధికారిగా ఉన్న వాట్స్‌కే చేతికి అంతకు నెల ముందే పగ్గాలొచ్చాయి. జీతాలు కోశారు, కుర్రాళ్లని పెట్టారు, స్టేడియం మళ్లీ కొనుక్కున్నారు, 2008లో కోచ్‌గా క్లోప్‌ని తెచ్చారు. 2011, 2012 టైటిళ్లు. ఇప్పుడు అందరూ క్లోప్ పేరు చెప్తారు, చెప్పాలి కూడా, కానీ 2005లో ఆ గదిలో ఓటు అటు పడితే క్లోప్ రావడానికి క్లబ్బే ఉండేది కాదు.

వింగర్ విమల
బాగు చేసిన సీఈఓల కథలే చెప్తున్నారు. అభిమానుల జేబు మీద చెయ్యి పెట్టినవాళ్ల సంగతి? 2016 ఫిబ్రవరి, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్. కొత్త మెయిన్ స్టాండ్‌లో 77 పౌండ్ల టికెట్ ప్రకటించారు. సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో పది వేలమంది దాకా లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, మ్యాచ్ 2-2గా ముగిసింది. కొన్ని రోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. ఆ రేటు పెడితే ఏమవుతుందో ముందే పసిగట్టి ఓనర్‌కి చెప్పాల్సింది ఎవరు? మళ్లీ అదే క్లబ్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సమయంలో ఆడని సిబ్బందిని ప్రభుత్వ డబ్బు మీద సెలవులో పెడతామని ప్రకటించి, రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. అప్పటి సీఈఓ పీటర్ మూర్ క్షమాపణ ఉత్తరం రాయాల్సొచ్చింది. మనుషులు మారినా అభిమానుల మాట వినని చెవులు మాత్రం అవే.

బ్యాలెన్స్ షీట్ బాలు
ఆ 77 నిర్ణయంలో డబ్బు పరంగా కూడా అర్థం లేదు. పెద్ద క్లబ్బుకి టీవీ, స్పాన్సర్ డబ్బు ముందు ఆ కొన్ని సీట్ల మీద వచ్చే అదనం లెక్కలో కనిపించదు. ఆ ఏడాదే లీగ్ క్లబ్బులన్నీ కలిసి అవతలి మైదానంలో కూర్చునే అభిమానికి 30 పౌండ్లు మించకూడదని పెట్టుకున్నాయి, ఏ క్లబ్బూ దివాలా తీయలేదు.

టికెట్ కౌంటర్ 7
టికెట్ల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి గేట్ల గురించి ఒక మాట, ఇది జోకుల విషయం కాదు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట వల్ల 97 మంది చనిపోయారు. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి పెట్టినవి 7 టర్న్‌స్టైల్స్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరిగే గేట్లు). పోలీసుల తప్పులు వేరే, అవి చాలా పెద్దవి. కానీ సరిపడా గేట్లు ఉన్నాయో లేదో చూడాల్సిన బాధ్యత కింద అప్పటి క్లబ్ సెక్రటరీకి 2019లో శిక్ష పడింది. జరిగిన ముప్ఫై ఏళ్లకి, 6,500 పౌండ్ల జరిమానా. మా వాన కోటు సీఈఓ భద్రతా సర్టిఫికెట్ కాగితాలు తన గదిలోనే పెట్టుకునేవాడు, గేట్ల సంఖ్య మార్చాలంటే ఆయనతో మాట్లాడకుండా ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఇది స్కోర్ బోర్డు మీద ఎప్పుడూ కనపడని పని.

మిడ్‌ఫీల్డ్ మావయ్య
నిజమే. దీని మీద ఎవరూ వాదించరు.

కొత్తగా చేరా
బదిలీ విండో ఆఖరి రోజు సీఈఓ ఏం చేస్తాడు? టీవీలో చూస్తే అందరూ ఫోన్ పట్టుకుని పరిగెడుతుంటారు.

రాత్రి మ్యాచ్ రాజు
మంచి సీఈఓ అయితే ఆ రోజు ఖాళీగా ఉండాలి. లేకపోతే అడ్రియన్ సిల్వా అవుతుంది. 2017 ఆగస్టు 31, లెస్టర్ సిటీ స్పోర్టింగ్ లిస్బన్ నుంచి 22 మిలియన్ పౌండ్లకి కొన్నారు. రిజిస్ట్రేషన్ కాగితాలు గడువు దాటి 14 సెకన్లకి చేరాయి. ఫిఫా ఒప్పుకోలేదు. ఆటగాడు క్లబ్‌లోనే ఉన్నాడు, 2018 జనవరి దాకా మ్యాచ్ ఆడలేడు. మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డి హియా కథ కూడా అంతే, 2015లో రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాల్సినవాడు కాగితాలు ఆలస్యమై ఆగిపోయాడు, రెండు క్లబ్బులూ ఒకరినొకరు తిట్టుకుంటూ ప్రకటనలిచ్చుకున్నాయి.

పసుపు కార్డు
14 సెకన్లు. మా ప్రింటర్ మేలుకోడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

మిడ్‌ఫీల్డ్ మావయ్య
యునైటెడ్ 2013 అయితే ఇంకా ఘోరం. కోచ్ ఫెర్గూసన్, సీఈఓ డేవిడ్ గిల్ ఒకే వేసవిలో వెళ్లిపోయారు. ఫెర్గూసన్ గురించి పుస్తకాలకి పుస్తకాలు రాశారు, గిల్ వెళ్లడం ఎంత దెబ్బో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చోటులోకి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ స్పాన్సర్లని తేవడంలో ఘనుడు. ఆటగాళ్ల బేరంలో మాత్రం ఫెల్లయినీని జులై చివరిదాకా 23.5 మిలియన్ల రిలీజ్ క్లాజుకి (కాంట్రాక్టులో ముందే రాసిన అమ్మకం ధర) తెచ్చుకునే వీలుండగా వదిలేసి, సెప్టెంబరు 2న ఆఖరి గంటల్లో 27.5 పెట్టి కొన్నారు. ఏ బోర్డూ కోచ్‌నీ సీఈఓనీ ఒకేసారి పోనివ్వకూడదు.

వింగర్ విమల
బ్రైటన్‌లో దీనికి ఉల్టా. 2022 సెప్టెంబరులో కోచ్ పాటర్ చెల్సీకి వెళ్లిపోతే, పది రోజుల్లో డి జెర్బీ వచ్చేశాడు, ఆ సీజన్ అయ్యేసరికి క్లబ్ చరిత్రలో తొలిసారి యూరప్ పోటీలకి అర్హత. సీఈఓ పాల్ బార్బర్ 2012 నుంచీ ఉన్నాడు. ముఖ్యమైన ప్రతి కుర్చీకీ తర్వాత ఎవరు అనే జాబితా వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. నేను ఇందాక గుమాస్తా అన్నది ఇలాంటివాళ్లని కాదు. అయితే ఇక్కడ కూడా ఓనర్ టోనీ బ్లూమ్ నమ్మి వదిలేశాడు కాబట్టి నడిచింది.

ఆఫ్‌సైడ్ అప్పారావు
సరే, ఇన్ని చెప్పారు. మరి బయట నుంచి చూసే నాలాంటోడికి మా సీఈఓ పనిమంతుడో కాదో తెలిసేదెలా? లీగ్ టేబుల్ చూస్తే తెలియదంటున్నారు.

బ్యాలెన్స్ షీట్ బాలు
స్క్వాడ్ కాంట్రాక్టులు ఎప్పుడు ముగుస్తాయో చూడు, నేను మొదట చూసేది అదే. మంచి ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఆఖరి ఏడాదిలోకి వచ్చేశారంటే ఎవరో నిద్రపోయారు. ఆర్సెనల్ 2017లో సాంచెజ్, ఓజిల్ ఇద్దర్నీ ఆ స్థితికి తెచ్చుకుంది. 2018 జనవరిలో సాంచెజ్‌ని ఇచ్చి మ్ఖితార్యాన్‌ని తీసుకోవాల్సొచ్చింది, చేతికి డబ్బు రాలేదు. ఓజిల్‌ని ఆపడానికి పెద్ద జీతం రాయాల్సొచ్చింది. తర్వాత, ఆదాయంలో టీమ్ ఖర్చు ఎంత శాతమో చూడు. యూఈఎఫ్‌ఏ పోటీల్లో ఆడే క్లబ్బులకి 2025-26 నుంచి 70 శాతం హద్దు. జీతాలు, బదిలీల వార్షిక ఖర్చు, ఏజెంట్ల ఫీజులు అన్నీ అందులోకే వస్తాయి.

ఆఫ్‌సైడ్ అప్పారావు
ఇప్పుడే మా స్క్వాడ్ తెరిచి చూశా. కెప్టెన్, నంబర్ వన్ గోల్‌కీపర్, టాప్ స్కోరర్, ముగ్గురివీ వచ్చే జూన్‌లోనే అయిపోతున్నాయి. ఇన్నాళ్లూ కోచ్‌ని తిట్టి నోరు నొప్పి పుట్టించుకున్నా. ఆ సీఈఓ మెయిల్ ఐడీ ఎవరి దగ్గరైనా ఉందా?

పసుపు కార్డు
రాయి, రాయి. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని గంటలో జవాబొస్తుంది.

టికెట్ కౌంటర్ 7
మెయిల్ దండగ. మీది ప్రీమియర్ లీగ్ క్లబ్ అయితే 2023-24 నుంచి అభిమానుల సలహా మండలి తప్పనిసరి, క్లబ్ బోర్డు స్థాయి మనిషి ఒకరు దానికి బాధ్యత తీసుకోవాలి. మీ సపోర్టర్స్ గ్రూపులో ఎవరు మండలిలో ఉన్నారో కనుక్కుని ఆ మూడు పేర్లూ ఇవ్వు. "కాంట్రాక్టుల గురించి ఏం చేస్తున్నారు" అని వదులుగా అడగొద్దు, అలా అడిగితే నేనే నాలుగు పేరాల జవాబు రాసిపెట్టేవాణ్ని. జనవరిలోపు ఆ ముగ్గురిలో ఎవరితో చర్చలు పూర్తవుతాయి, కాకపోతే ఎవర్ని అమ్ముతారు, తేదీతో సహా అడుగు.

ఆఫ్‌సైడ్ అప్పారావు
రాసుకున్నా. తర్వాతి మీటింగ్ ఎప్పుడో చూసి ఇక్కడే చెప్తా.